గురువుగారికి ఒక పుట

ముప్పయి సంవత్సరాలపాటు ఒకే కళాశాలలో, ఒకే నల్లబల్ల ముందు నిలిచి, తూర్పు గాంగులను, కాకతీయులను, రెడ్డిరాజులను, గజపతులను, పేరు మాత్రమే మిగిలిన చిన్న చిన్న మండలాధిపతులను సైతం తన వాగ్ధోరణితో కన్నులయెదుట నిలిపి, తరము వెంట తరముగా విద్యార్థులను తీర్చిదిద్దిన చరిత్రాచార్యుడు ఒకనాటికి పదవీ విరమణ చేయవలసి వస్తుంది. ఆనాడు సభ జరుగుతుంది. సహోద్యోగులు వస్తారు. పూర్వ విద్యార్థులు దూరదూరాల నుంచి వస్తారు. శాలువ కప్పుతారు. పూలమాల వేస్తారు. సన్మానపత్రం చదివి, పటం కట్టించి, చేతికి ఇస్తారు. భోజనాలు అవుతాయి. ఎవరి ఊరికి వారు వెళ్లిపోతారు.

ఇందులో ఆక్షేపించదగినది ఏమీ లేదు. చదువు చెప్పినవారిని మరచిపోని జాతి ధన్యమైన జాతి. అయితే ఆచార్యుడు తన జీవితమంతా ధారపోసినది ఒక విద్య కొరకు. ఆయన అడిగిన ప్రశ్నలలో కొన్నింటికి సమాధానాలు దొరికాయి. కొన్నింటికి దొరకలేదు. ఆయన చూడవలెనని అనుకొని చూడలేకపోయిన శాసనాలున్నవి. వినవలెనని అనుకొని వినలేకపోయిన వృద్ధుల మాటలున్నవి. ఆ మిగిలిన పనిలో పిసరంతయినా శిష్యులు చేసి, తెచ్చి, సభలో ఆయన చేతిలో పెట్టగలిగితే, అంతకు మించిన సన్మానం మరి ఏమి ఉంటుంది?

ఈనాటి ప్రసంగంలో నేను మనవి చేయదలచినది ఈ ఒక్క మాటే. గురువుగారికి ఒక పుట సమర్పించండి. మీరు స్వయంగా విని, చూచి, సరిచూచుకొని వ్రాసిన ఒక్క పుట. అది శాలువకు బదులు కాదు. శాలువతోబాటు ఇవ్వవలసినది.

ఇది కొత్త ఆచారమేమీ కాదు. జర్మనీ దేశపు విశ్వవిద్యాలయాలలో పందొమ్మిదవ శతాబ్దినాటికే ఇది స్థిరపడినది. ఆచార్యుడు విరమించేనాడో, అరవైయవ ఏటనో, డెబ్బదియవ ఏటనో, సహోద్యోగులూ శిష్యులూ తలా ఒక పరిశోధన వ్యాసం వ్రాసి, వాటిని సంపుటంగా కూర్చి ఆయనకు అంకితం చేస్తారు. ఆ వ్యాసాలలో ఆయనను పొగిడేవి బహుస్వల్పం. తక్కినవన్నీ ఆయన విద్యను ముందుకు నడిపించేవి. ఒక్కొక్క వ్యాసంలో ఆయనకు కూడా తెలియని క్రొత్త సంగతి ఒకటి ఉండాలి. అదే అందులోని మర్యాద.

మన దక్షిణదేశంలోను ఈ మర్యాద బాగా వేళ్లూనినది. చోళుల చరిత్ర వ్రాసిన కె. ఎ. నీలకంఠశాస్త్రిగారి ఎనభైయవ జన్మదిన సందర్భంలో వెలువడిన అభినందన సంపుటం మీద 1971 సంవత్సరం ఉన్నది. ఆయనతో కలిసి విజయనగర చరిత్రకు ఆధారాలను సంపుటాలుగా ప్రకటించిన మన నేలటూరి వెంకటరమణయ్యగారు కీర్తిశేషులైన తరువాత, ఆంధ్రేతిహాస పరిశోధక మండలివారు తమ పత్రిక సంపుటమునే ఆయన స్మృతికి అంకితం చేశారు. పండితులు పండితులను గౌరవించుకొనే తీరు ఇది. ఒక పుట ఇచ్చి గౌరవించుకొనే తీరు.

అయితే శ్రోతలారా, ఇది పెద్ద నగరాలలోని పెద్ద పండితులకు మాత్రమే సాధ్యమనీ, అరకులోయలోను, పాడేరు కొండలలోను, సీతంపేట అడవులలోను చదువుకొన్న మనబోంట్లకు ఇది అందని పని అనీ మీరు తలపవద్దు. మన తూర్పు కనుమల పాదాన పాఠం చెప్పిన ఒక చరిత్రాధ్యాపకుని జీవితాన్నే ఇందుకు ప్రమాణంగా చూపుతాను. ఆయన గిడుగు వెంకటరామమూర్తి పంతులుగారు.

గిడుగువారి పేరు వినగానే వాడుకభాష మనకు స్ఫురిస్తుంది. ఆయన జన్మదినమైన ఆగస్టు 29వ తేదీని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకొంటున్నాము. కాని ఆయన ఉద్యోగరీత్యా ఎవరు? చరిత్ర బోధించే ఉపాధ్యాయుడు. వంశధార ఒడ్డున పర్వతాలపేటలో 1863లో జన్మించి, విజయనగరంలో చదువుకొని, 1880లో, పదిహేడేండ్ల ప్రాయంలో, నెలకు ముప్పయి రూపాయల జీతం మీద పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో చిన్న తరగతి పిల్లలకు చరిత్ర చెప్పడానికి కుదిరారు. ఉద్యోగం చేస్తూనే చరిత్ర ప్రత్యేక విషయంగా బి. ఎ. పరీక్షకు చదివి పట్టభద్రులైనారు. ముప్పయి ఏండ్ల పైచిలుకు బోధించి, 1911లో పదవీ విరమణ చేశారు.

ఆ రోజులలో చరిత్ర పాఠమంటే అచ్చుపుస్తకంలో ఉన్నది చదివి అప్పగించుకోవడమే. గిడుగువారికి అది చాలలేదు. తమ ఊరికి చేరువలోనే, వంశధార తీరాన, శ్రీముఖలింగ క్షేత్రమున్నది. ఆ దేవాలయాలలో శిలాశాసనాలు ఎన్నో ఉన్నవి. పూజకు వచ్చిన భక్తులు వాటికి నమస్కరించి వెళ్లేవారే గాని చదివేవారు అరుదు. ఆ లిపిని నేర్పే గురువు ఆయనకు దొరకలేదు. ఆయన తానే కూర్చుండి, అక్షరం వెంట అక్షరం పోల్చుకొని, పాతలిపి నేర్చుకొన్నారు. చుట్టుపక్కల గ్రామాలలో దొరికిన రాగిరేకులను తెప్పించి చదివారు.

అటువంటి రాగిరేకులలో నడగాం శాసనం ఒకటి. తూర్పు గాంగవంశపు వజ్రహస్తుడు శకవర్షం 979లో, అంటే క్రీస్తుశకం పదకొండవ శతాబ్ది మధ్యభాగంలో, ఇచ్చిన దానశాసనమది. గిడుగువారు దానిని చదివి, పరిష్కరించి, భారత ప్రభుత్వపు శాసన పత్రిక ఎపిగ్రాఫియా ఇండికాలో ప్రకటించారు. ఆ సందర్భంలోనే మరొక గొప్ప ప్రశ్నను కూడా చేపట్టారు. గాంగరాజులు తమ శాసనాలలో కళింగనగరమని చెప్పుకొనే రాజధాని ఎక్కడ ఉన్నది? అంతవరకు పేరు పోలికను బట్టి సముద్రతీరాన ఉన్న కళింగపట్టణమే అది కావచ్చునని పెద్ద పండితులు తలచేవారు. పర్లాకిమిడి ఉపాధ్యాయుడు మాత్రం, నేలమీద నడిచి, శిథిలాలను చూచి, గుడిగోడలమీది శాసనాలను చదివి, కళింగనగరం ముఖలింగమేనని ప్రతిపాదించారు. ఈనాడు మన చరిత్రగ్రంథాలు ఆ మాటనే అనుసరిస్తున్నవి.

ఇక్కడ ఒక్కక్షణం ఆగండి. ఆ మాట చెప్పినవాడు రాజధాని నగరంలోని విద్వాంసుడా? కాదు. కొండల ప్రక్క చిన్న ఊరిలో జీతానికి పాఠం చెప్పే ఉపాధ్యాయుడు. ఆయన దగ్గర ఉన్నదేమిటి? చూచే కన్ను, నడిచే కాలు, సరిచూచుకొనే ఓపిక. ఈ మూడే.

ఇక మన అరకు, పాడేరు ప్రాంతాలకు మరింత దగ్గరి సంగతి చెబుతాను. మాడుగుల కొండలకు దిగువన వడ్డాది అనే ఊరున్నది. శాసనాలలో అది ఒడ్డాది. మధ్యయుగాలలో అక్కడ మత్స్యవంశపు రాజులు పాలించారు. ఆ వంశపు అర్జునుడు శకవర్షం 1191లో, అంటే 1269లో, ఇచ్చిన దిబ్బిడ తామ్రశాసనాన్ని కూడా ప్రకటించినవారు గిడుగువారే. ఆ రేకులలో ఆ వంశం పుట్టుకను గురించి ఒక కథ ఉన్నది. మత్స్యానదిలో మత్స్యగర్భాన సత్యమార్తాండుడనే వీరుడు ఉద్భవించాడట. ఉత్కళరాజు జయత్సేనుడు అతనికి తన కుమార్తె ప్రభావతినిచ్చి, ఒడ్డాది సీమను ఏలుకొమ్మన్నాడట. అటుపిమ్మట ఒకరి తరువాత ఒకరుగా రాజుల పేర్లు వస్తాయి.

కథ కథే కావచ్చు. కాని అదే కొండలమీదికి వెళ్లి చూడండి. హుకుంపేట మండలంలో మఠం అనే ఊరి దగ్గర మాచేరు నది బండల క్రింద దూరి, అదృశ్యమై, కొంత దూరాన మళ్లీ పైకి వస్తుంది. అక్కడి మడుగే మత్స్యగుండం. మడుగు నిండా చేపలు. ఆ చేపలను ఎవరూ పట్టరు. అవి దేవుని చేపలు. శివరాత్రికి అక్కడ జాతర జరుగుతుంది. కొండదొరలు, భగతలు, కోదులు, ఎన్నో తెగలవారు వచ్చి ఆ చేపలకు బియ్యం, అటుకులు వేసి దండం పెట్టుకొంటారు. 1907లో విశాఖపట్టణం జిల్లా గెజెటీరును కూర్చిన ఫ్రాన్సిస్ దొర, మాడుగుల జమీందారులు చేప ఆకారపు సింహాసనంమీద పట్టం కట్టుకొంటారనీ, వారి జెండామీద చేప ఉంటుందనీ వ్రాశాడు.

చూచారా? దిగువన దొరికిన రాగిరేకు ఒక మాట చెబుతున్నది. ఎగువన మడుగు దగ్గర గిరిజనుల ఆచారం మరొక మాట చెబుతున్నది. నడుమ జమీందారుల జెండా ఇంకొక మాట చెబుతున్నది. ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి, ఏది ఎంతవరకు నిజము, దేనినుంచి ఏది వచ్చినది, రాజులు కొండవారి దేవుణ్ణి తమవానిగా చేసుకొన్నారా, లేక కొండవారు రాజుల కథను తమదిగా చేసుకొన్నారా అని విచారించడమే మధ్యయుగ చరిత్ర అధ్యాపకుని పని. ఆ విచారణకు రాగిరేకు చదవగల పండితుడు ఎంత అవసరమో, మత్స్యగుండం జాతరలో ముసలి పూజారి ఏమన్నాడో విని వ్రాసుకోగల కొండపల్లె యువకుడు కూడా అంతే అవసరం. రేకుమీది మాట నిలిచే ఉంటుంది. పూజారి మాట ఆయనతో వెళ్లిపోతుంది. అందుచేత ఏది ముందు వ్రాసుకోవాలో మీరే ఆలోచించండి.

గిడుగువారు ఈ సత్యాన్ని ఎరిగినవారు. పర్లాకిమిడి చుట్టూ ఉన్న కొండలు సవరల నివాసాలు. సంతకు వచ్చే సవరల భాష పట్నంవారికి అర్థమయ్యేది కాదు. అర్థం కాకపోవడంవల్ల బేరంలోను, కచేరిలోను, అప్పుపత్రంలోను నష్టపోయేది సవరలే. పంతులుగారు సవర, తెలుగు రెండూ వచ్చిన ఒకరిని తమ ఇంటిలోనే ఉంచుకొని సవరభాష నేర్చుకొన్నారు. కొండలు ఎక్కారు. గూడేలలో తిరిగారు. మన్యపు జ్వరం వచ్చినది. దానికి వాడిన క్వినైనువల్ల వినికిడి దెబ్బతిన్నది. మనుష్యుల నోట పలికే ప్రతి ధ్వనినీ సూక్ష్మంగా విని గుర్తించడమే తపస్సుగా పెట్టుకొన్న ఆ మహనీయునికి చెవుడు వచ్చినది. అయినా పని ఆపలేదు. సవరపిల్లల కొరకు వారి భాషలోనే వాచకాలు వ్రాశారు. సొంత డబ్బుతో బడులు పెట్టి పంతుళ్లకు జీతాలిచ్చారు. ప్రభుత్వం ఆ కృషికి పారితోషికం ఇవ్వబోతే, ఆ సొమ్ము తనకు వద్దనీ, దానితో సవరలకు మంచి బడి పెట్టమనీ కోరారు.

పదవీ విరమణతో ఆయన పని ముగిసినదా? లేదు. అసలు పని అప్పుడే విజృంభించినది. 1919లో 'తెలుగు' అనే పత్రిక స్థాపించారు. 1925లో తణుకులో జరిగిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు సభలో వాడుకభాష పక్షాన గంటల తరబడి ప్రసంగించి, పాత గ్రంథాలనుంచి ప్రమాణాలు చూపి, సభను ఒప్పించారు. ఆయన సవరభాషా వ్యాకరణాన్ని మద్రాసు ప్రభుత్వం 1931లోను, సవర నిఘంటువును 1938లోను ప్రచురించింది. అంటే విరమించిన ఇరవై, ఇరవైయేడు సంవత్సరాల తరువాత! ఉద్యోగానికి విరమణ ఉన్నదే గాని విద్యకు విరమణ లేదు.

మరి అటువంటి గురువును ఆయన మిత్రులూ అభిమానులూ ఏ విధంగా గౌరవించారు? ఆయనకు డెబ్బది ఏండ్లు నిండిన 1933లో పండితులచేత వ్యాసాలు వ్రాయించి, వ్యాససంగ్రహమనే పేరుతో సంపుటం అచ్చువేసి సమర్పించారు. విద్యకు విద్యనే కానుకగా ఇచ్చారు. ఆయన శిష్యులలో తాపీ ధర్మారావుగారు ఉన్నారు. గురువు వాదించిన వాడుకభాషను ధర్మారావుగారు వార్తాపత్రికలోనికి తెచ్చి, దినదినమూ వ్రాసి చూపించారు. పెండ్లి పుట్టుపూర్వోత్తరాలను, దేవాలయాల శిల్పాలను గురించి చరిత్రదృష్టితో పుస్తకాలు వ్రాశారు. గురువుగారికి సభలో చదివే సన్మానపత్రం ఒకటి. శిష్యుడు తన జీవితంతో వ్రాసే సన్మానపత్రం ఇంకొకటి. రెండవది నిలిచినది.

ఇప్పుడు మన పని దగ్గరకు వద్దాం. మీ ఊరి కళాశాలలోనో, ఆశ్రమ పాఠశాలలోనో చరిత్ర చెప్పిన మాస్టారు ఈ ఏడు విరమిస్తున్నారనుకొందాం. ఆయన దగ్గర చదువుకొన్నవారు ఎందరో ఉన్నారు. ఒకరు పంచాయతీ కార్యాలయంలో గుమాస్తా. ఒకరు కాఫీతోట రైతు. ఒకరు బస్సు కండక్టరు. ఒకామె అంగన్‌వాడీ టీచరు. వీరిలో పరిశోధకులు ఎవరూ లేకపోవచ్చు. అయినా తలా ఒక పుట వ్రాయగలరు.

ఎట్లా వ్రాయగలరో చెబుతాను. కాఫీతోట రైతు ఇంటి ట్రంకుపెట్టెలో తాతగారి కాగితాలున్నవి. ఆ తాతగారు ఒకప్పుడు ముఠాదారు. కొన్ని ఊళ్లను కలిపి ముఠా అనేవారు. శిస్తు వసూలు చేసి పైవారికి కట్టడం, తగవులు తీర్చడం ముఠాదారు బాధ్యత. 1969 నాటి రెగ్యులేషనుతో ఆ పద్ధతి రద్దయినది. దానికి పూర్వం ఏ ముఠాలో ఏయే ఊళ్లుండేవి, పండుగనాడు ముఠాదారుకు ఎవరు ఏమి తెచ్చి ఇచ్చేవారు, తగవు ఏ చెట్టుక్రింద తీర్చేవారు అన్నది ఆ ఇంటిలోని అవ్వకు తెలుసు. రైతు ఆ అవ్వను అడిగి వ్రాస్తే, అది ఒక పుట.

అంగన్‌వాడీ టీచరు ఉండే ఊరినుంచి ఆడవారు అరకు శుక్రవారం సంతకు నడిచి వెళ్లేవారు. అడ్డాకులు, చింతపండు, పిప్పళ్లు తీసుకొని వెళ్లి, ఉప్పు, ఎండుచేపలు తెచ్చుకొనేవారు. రోడ్లు పడకముందు వారు ఏ దారిన నడిచారు? ఎక్కడ రాత్రి మజిలీ చేశారు? ఏ వాగు దగ్గర ఏ దేవతకు రాయి వేసి మ్రొక్కారు? ఇది చిన్న సంగతిగా తోచవచ్చు. కాని అరకు దాటి పోతే నందపురం వస్తుంది. జయపురం రాజులు పదిహేడవ శతాబ్దంలో జయపురానికి తరలకముందు వారి పాత రాజధాని అదే. ముప్పదిరెండు మెట్ల సింహాసనం అక్కడ ఉన్నది. సముద్రతీరానికీ, ఆ రాజధానికీ మధ్య ఉప్పు నడిచిన బాట ఏదో, బలగాలు నడిచిన బాట ఏదో తెలియాలంటే, మన అవ్వలు నడిచిన కాలిబాటలే మొదటి ఆధారం. టీచరు ఆ దారిని ఊరి వెంట ఊరుగా వ్రాస్తే, అది ఒక పుట.

బస్సు కండక్టరు తన దారిలో ఒక మలుపు దగ్గర, మర్రిచెట్టు మొదట, అక్షరాలున్న రాయిని రోజూ చూస్తున్నాడు. ఆ రాయి ఏ ఊరి పొలిమేరలో ఉన్నది, ఎంత ఎత్తున్నది, అక్షరాలు ఎన్ని వరుసలున్నవి, ఊరివారు దానిని ఏమని పిలుస్తారు, ఫలానా పండుగనాడు దానికి పసుపు రాస్తారా అన్నది వ్రాసి, ఫొటో జతచేస్తే, అది ఒక పుట.

రాతి ఫొటో తీయడంలో ఒక చిన్న మెలకువ ఉన్నది. నడిమధ్యాహ్నం తీస్తే అక్షరాలు కనబడవు. ప్రొద్దున్న లేత ఎండ ప్రక్కనుంచి ఏటవాలుగా పడేవేళ తీయండి. ప్రతి గీత అంచునా సన్నని నీడ పడి, కంటికి కనబడని అక్షరం కూడా తేలి కనిపిస్తుంది. రాతిని ఇనుపకుచ్చుతో రుద్దవద్దు. అక్షరాలలో సున్నం, రంగు నింపవద్దు. చోటునుంచి కదిలించవద్దు. రాయి ఉన్న చోటు కూడా శాసనంలో భాగమే. మీరు చదవలేకపోతే చింతలేదు. ఆ ఫొటోను రాష్ట్ర పురావస్తుశాఖకు గాని, మైసూరులో ఉన్న భారత ప్రభుత్వ శాసనశాఖకు గాని పంపితే చదివేవారున్నారు. పొలం దున్నుతుంటే రాగిరేకులో, నాణేలో దొరికితే మాత్రం దాచవద్దు, కరిగించవద్దు. భూమిలో దొరికిన నిధిని గురించి కలెక్టరుకు తెలియజేయాలని 1878 నాటి చట్టం చెబుతున్నది. మీ తహసిల్దారుకు వ్రాతపూర్వకంగా తెలియజేయండి. దిబ్బిడ రేకులు కూడా ఆనాడు ఎవరో కొలిమిలో పెట్టి ఉంటే, ఒడ్డాది రాజుల వంశక్రమం మనకు దక్కేదే కాదు.

ఒక పుట వ్రాసేవారు మూడు మాటలు జ్ఞాపకం ఉంచుకోవాలి. ఎవరు చెప్పారు? ఎక్కడ చెప్పారు? ఎప్పుడు చెప్పారు? మళ్లీ చెబుతున్నాను. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు. ఈ మూడూ వ్రాసిన పుట ఆధారమవుతుంది. ఈ మూడూ లేని పుట ఎంత అందంగా ఉన్నా వినికిడి మాత్రమే.

మరొక సంగతి. అవ్వ కువి భాషలో చెబితే కువిలోనే వ్రాసుకోండి. ఆదివాసి ఒడియాలో చెబితే ఆ మాటలలోనే వ్రాసుకోండి. పక్కన తెలుగు అర్థం వ్రాయండి. లిపి లేదని సంకోచించవద్దు. తెలుగు అక్షరాలతో వ్రాయవచ్చు. మీ ఫోనులో ఆమె గొంతును పదిలపరచవచ్చు. గిడుగువారు సవరల మాటను సవరల మాటగానే పట్టుకొన్నారు గనుకనే అది ఈనాటికీ పనికివస్తున్నది. మీకు నచ్చినట్లు మార్చి, మెరుగుపెట్టి, పురాణకథలాగా తీర్చిదిద్దవద్దు. అవ్వ ఒక చోట తడబడితే, తడబడినట్లే వ్రాయండి. ఇద్దరు ముసలివారు రెండు విధాలుగా చెబితే, రెండు విధాలూ వ్రాయండి. ఏది నిజమో తేల్చే భారం తరువాతివారిది.

అన్నిటికన్న ముఖ్యంగా, అడిగి వ్రాయండి. మన కొండలలో పూజారికి మాత్రమే తెలియవలసిన మంత్రాలున్నవి. బయటివారు చూడరాని చోట్లున్నవి. వ్రాయవద్దని పెద్దలు అంటే వ్రాయవద్దు. ఒక జాతి గౌరవాన్ని భంగపరచి సంపాదించిన జ్ఞానం గురువుకు కానుక కాదగదు.

ఇంతమంది వ్రాసిన ఇన్ని పుటలు ఏమి చేయాలి? మన ఏజెన్సీలో చైత్రమాసంలో ఇటుకల పండుగ వస్తుంది. విత్తనం చల్లకముందు ప్రతి ఇంటివారూ తమ ఇంటి విత్తనం తెచ్చి, ఊరి దేవత ముందు ఒకచోట కలిపి, పూజ చేసి, మళ్లీ అందరూ పంచుకొని తీసుకొని వెళతారు. ఏ ఇంటి గింజ ఏ పొలంలో మొలకెత్తుతుందో ఎవరూ లెక్కపెట్టరు. ఊరంతా పండితే చాలు. పుటల విషయంలో కూడా అట్లాగే చేయండి. తలా ఒక పుట తెచ్చి మాస్టారి ముందు ఒక్కచోట చేర్చండి. కుట్టించి పుస్తకం చేయండి. అచ్చు వేయించడానికి డబ్బు లేకపోతే చేతివ్రాతతోనే ఉండనివ్వండి. ఒక ప్రతి మాస్టారికి ఇవ్వండి. ఒక ప్రతి కళాశాల గ్రంథాలయంలో పెట్టండి. సమాచారమిచ్చిన అవ్వ ఇంటికి ఒక ప్రతి తీసుకొని వెళ్లి, ఆమె మనుమలకు ఇచ్చి, చదివి వినిపించండి. ఈ మూడవ ప్రతిని మరచిపోవద్దు. సమాచారం ఇచ్చినవారికి తిరిగి చేరని పుస్తకం అప్పు తీర్చని పుస్తకం.

సహోద్యోగులకు కూడా ఒక మనవి. విరమిస్తున్న ఆచార్యుని దగ్గర ఏండ్ల తరబడి పోగైన నోటుపుస్తకాలుంటాయి. ముఖలింగంలోనో, సింహాచలంలోనో, వడ్డాదిలోనో తాను చూచి వ్రాసుకొన్న గుర్తులుంటాయి. పుస్తకాల అంచులలో వ్రాసిన సందేహాలుంటాయి. గది ఖాళీ చేసేరోజున ఆ కాగితాలు పాతకాగితాల కొట్టుకు చేరకుండా చూడండి. ఆయనను కూర్చోబెట్టి అడగండి. ఇది ఎక్కడ చూచారు? ఇది ఎవరు చెప్పారు? ఇంకా తేలని ప్రశ్న ఏది? ఆయన జవాబులు వ్రాసుకొంటే, అది సహోద్యోగుల పుట. ఆ తేలని ప్రశ్నల జాబితా ఉన్నదే, అది ఆయన మనకు వదలిపెట్టే ఆస్తి. దానిని క్రొత్తగా వచ్చే యువ అధ్యాపకుని చేతికి అందించండి.

శ్రోతలారా, చరిత్ర అంటే రాజుల పేర్లు, యుద్ధాల తేదీలు మాత్రమేనని మన పిల్లలు అనుకొంటారు. మన కొండలకు చరిత్రే లేదని కొందరు పెద్దలు కూడా అనుకొంటారు. ఈ రెండు అభిప్రాయాలూ తప్పే. ఒడ్డాది రాజులు ఏలిన సీమ మనది. నందపురపు బాటలు మనవి. మత్స్యగుండం మనది. మనకు చరిత్ర ఉన్నది. వ్రాసినవారు తక్కువ, అంతే. ఆ లోటు తీర్చడానికి ఒక ఉపాధ్యాయుడు పర్లాకిమిడిలో ముప్పయి రూపాయల జీతంతో మొదలుపెట్టాడు. ఆ వరుసలో మన మాస్టార్లు నిలబడ్డారు. వారి తరువాత ఎవరు నిలబడాలి? మనమే.

కాబట్టి ఈసారి మీకు పదవీ విరమణ సభకు ఆహ్వానం వస్తే, మీ ఇంటిలో అందరికన్న పెద్దవారి దగ్గర ఆ రాత్రే కూర్చోండి. ఒక్క సంగతి అడగండి. ఎవరు చెప్పారో, ఎక్కడ చెప్పారో, ఎప్పుడు చెప్పారో వ్రాయండి. మాస్టారి మెడలో దండ వేసిన తరువాత, ఆ కాగితం ఆయన చేతికి ఇచ్చి, "గురువుగారూ, మీరు చెప్పిన చదువుతో ఇది నేను తెలుసుకొన్నాను" అని చెప్పండి. గురువుగారికి ఒక పుట ఇవ్వండి.